నిన్న వచ్చిన లెక్క ఈరోజు ఎందుకు రాదు?

(పిల్లల అభ్యసన సమస్యలపై పనిచేసే ఒక మనస్తత్వ నిపుణురాలు ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడితో మొదలుపెడతాను. పేరు చెప్పను. నా బల్లకు అవతలి వైపు కూర్చుని రెండంకెల కూడికలు చేస్తున్నాడు. “ఐదు వేసి ఒకటి చేతిలో” అనుకుంటూ చేసే రకం కూడికలు. వరసగా ఆరు చేశాడు, ఆరూ సరిగ్గానే వచ్చాయి. నాకూ సంతోషం వేసింది. మంచినీళ్లు తాగి వస్తానని వెళ్లి మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఏడో లెక్క 38, దాని కింద 27. కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. “ఇది ఎలా చేయాలి?” అని అడిగాడు. నేను పైనున్న ఆరు లెక్కలు చూపించి “మరి ఇవి ఎవరు చేశారు?” అన్నాను. చాలాసేపు చూశాడు. చివరికి “రాత నాదే” అన్నాడు.

ఆ పిల్లవాడు అబద్ధం ఆడటం లేదు, నాటకం ఆడటం లేదు. చేతిరాతను బట్టి అవి తనవేనని తేల్చుకున్నాడు, అంతే. పట్టపగలు, కళ్ల ముందు, మూడు నిమిషాల్లో ఒక పద్ధతి చేజారిపోయింది. అతని బడి పుస్తకంలో మాత్రం ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: “తలచుకుంటే చేయగలడు. తలచుకోడు.”

ఈరోజు నా పేచీ అంతా ఆ రెండో మాటతోనే. మన భాషలో ఇలాంటి పిల్లల కోసం మాటలకు కొదవ లేదు. మొద్దు అంటాం, దున్నపోతు మీద వాన అంటాం, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడంటాం. గమనించండి, ఇవన్నీ పిల్లవాడి బుద్ధిని తప్పుపట్టే మాటలే. మెదడు సంగతి ఏ మాటలోనూ ఉండదు.

చదువులో వెనకబడటానికి సవాలక్ష కారణాలుంటాయి. వినికిడి లోపం కావచ్చు, రక్తహీనత కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు, ఇంట్లో భయం కావచ్చు. అందులో నేను ఈరోజు ఒక్కటే తీసుకుంటున్నాను. పుట్టకముందో, ఎదిగే వయసులోనో మెదడుకు మద్యం తగలడం. ఆ పిల్లవాడి విషయంలో కారణం అదే. వాళ్లమ్మ మూడోసారి వచ్చినప్పుడు, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని మరీ చెప్పింది.

మద్యంలో పనిచేసే పదార్థం ఇథనాల్. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, అంతే. చాలా చిన్న అణువు. దానికి మరో గుణం కూడా ఉంది. నీటిలోనూ కలుస్తుంది, కొవ్వులోనూ దూరుతుంది. శరీరంలో కణాలకు కాపలా కాసే పొరలన్నీ కొవ్వుతో చేసినవే కాబట్టి దానికి దాదాపు ఎక్కడా అడ్డు లేదు. తల్లికీ బిడ్డకూ మధ్య మావి ఉంటుంది కదా, అది జల్లెడలా చెడును ఆపుతుందని చాలామంది నమ్మకం. చాలా సూక్ష్మజీవుల విషయంలో ఆ నమ్మకం నిజమే. ఇథనాల్ విషయంలో మాత్రం మావి బార్లా తెరిచిన తలుపు. కొద్దిసేపట్లోనే బిడ్డ రక్తంలో మద్యం స్థాయి తల్లి రక్తంలో ఉన్నంతకు చేరుకుంటుంది.

తల్లికి పెద్ద కాలేయం ఉంది, మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఉన్నాయి. బిడ్డ కాలేయంలో ఆ ఎంజైములు ఇంకా సరిగా తయారై ఉండవు. బిడ్డ వదిలించుకోవాలంటే ఆ మద్యం తిరిగి తల్లి రక్తంలోకే వెళ్లాలి. ఈలోగా కొంత మూత్రంతో ఉమ్మనీటిలోకి పోతుంది. ఉమ్మనీటిని బిడ్డ మళ్లీ మింగుతుంది. అంటే తల్లి తాగింది ఒకసారే అయినా, బిడ్డ దాన్ని పదేపదే తాగుతూ ఉంటుందన్నమాట.

ఇక ఎప్పుడు తగిలితే ఏమవుతుందనే ప్రశ్న. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం ఇదే. మెదడు ఒక్కరోజులో పోత పోసే విగ్రహం కాదు. ఒక్కో వారానికి ఒక్కో పని ఉంటుంది. బిడ్డ కడుపున పడ్డ మూడు, నాలుగు వారాల్లో ఒక చదునైన పలక మడతపడి నాడీనాళికగా, అంటే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టంగా మారుతుంది. సుమారు 28వ రోజుకు దాని రెండు చివరలూ మూసుకుంటాయి. ఆ రోజుకు చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే అనుమానంగా ఉంటుంది, అంతే.

1981లో అమెరికాలో క్యాథ్లీన్ సులిక్ అనే పరిశోధకురాలు గర్భంతో ఉన్న ఎలుకలకు ఏడో రోజున మద్యం ఎక్కించారు. ఆ ఒక్కరోజే. ఎలుకలో ఏడో రోజంటే మనిషిలో ఇంచుమించు మూడో వారం. వాటి కడుపులోని పిండాల్లో కళ్లు చిన్నవి, పై పెదవి సన్నం, ముక్కుకూ పెదవికీ మధ్య ఉండాల్సిన గాడి లేదు. మనుషుల పిల్లల్లో వైద్యులు చూసిన ముఖ లక్షణాలు కూడా సరిగ్గా ఇవే. మీ వేలితో పై పెదవి మీద తడిమి చూడండి, మధ్యలో చిన్న గాడి తగులుతుంది. (సభలో కొందరు తడిమి చూసుకున్నారు.) అదిగో, ఆ గాడి మాట్లాడుతుంది. ముఖం మధ్య భాగం, మెదడు ముందు భాగం ఒకే సమయంలో, ఒకదాన్నొకటి ఆనుకుని తయారవుతాయి. అందుకే ముఖంలో తేడా ఉంటే లోపల కూడా ఉంటుందని ఊహించవచ్చు.

కానీ ఇక్కడే మనం పెద్ద పొరపాటు చేస్తాం. ముఖం మామూలుగా ఉంటే లోపలా అంతా మామూలే అనుకుంటాం. ముఖం ఆ కొద్ది రోజుల సంగతే చెబుతుంది. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. నాలుగో నెలలోనో ఏడో నెలలోనో మద్యం తగిలితే ముఖం చక్కగానే ఉంటుంది, మెదడు దెబ్బ తింటుంది. గర్భంలో మద్యం తగలడం వల్ల వచ్చే సమస్యలన్నిటికీ కలిపి ఇప్పుడు ఎఫ్‌ఏఎస్‌డీ (ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్) అని ఒకటే పేరు వాడుతున్నారు. ఆ సమస్యలున్న పిల్లల్లో ఎక్కువమందికి ఈ ముఖ లక్షణాలు ఉండవు. ఉన్నవాళ్లలోనూ పెద్దయ్యేకొద్దీ అవి మసకబారతాయి. మీ తరగతిలో అలాంటి పిల్లవాడు ఉంటే మూడో బెంచీలో, అందరిలాగే, చక్కని ముఖంతో కూర్చుని ఉంటాడు.

ఈ విషయం లోకానికి తెలిసిన తీరు కూడా విచిత్రమే. కాస్త పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. 1726లో లండన్ వైద్యుల కళాశాల పార్లమెంటుకు అర్జీ పెట్టుకుంది. జిన్ను అనే చవక సారా ఏరులై పారుతోందని, దానివల్ల బలహీనమైన, రోగిష్ఠి పిల్లలు పుడుతున్నారని. 1899లో లివర్‌పూల్ జైల్లో వైద్యుడిగా ఉన్న విలియం సలివన్ తాగుడు అలవాటున్న 120 మంది స్త్రీలకు పుట్టిన 600 మంది పిల్లల లెక్క తీశాడు. సగానికి పైగా మృతశిశువులుగా పుట్టినవాళ్లు, లేదా రెండేళ్లు నిండకుండా పోయినవాళ్లు. ఆయన మరో సంగతి కూడా పసిగట్టాడు. వరసగా పిల్లల్ని పోగొట్టుకున్న కొందరు తల్లులు గర్భంతో ఉండగా జైలుకు వచ్చినప్పుడు, ఆ కాన్పులో బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. కారణం మరేమీ కాదు, జైల్లో మద్యం దొరకలేదు. తప్పు వంశంలో లేదని, గర్భంలోకి వెళ్తున్న దానిలో ఉందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా మరిచిపోయారు. ఎంతగా మరిచారంటే, 1967లో న్యూయార్క్‌లో ఫ్రిట్జ్ ఫుక్స్ అనే ప్రసూతి వైద్యుడు నెలలు నిండకుండా నొప్పులు వస్తే ఆపడానికి తల్లి నరంలోకి నేరుగా మద్యం ఎక్కించే పద్ధతిని ప్రచురించాడు. కొన్నేళ్లపాటు చాలా ఆసుపత్రుల్లో అదే చికిత్స. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1968లో, ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని వర్ణిస్తూ వ్యాసం రాశాడు. ప్రాంతీయ పత్రికలో, ఫ్రెంచిలో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1973లో సియాటిల్ నుంచి కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు లాన్సెట్ పత్రికలో ఎనిమిది మంది పిల్లల గురించి రాశాక, అదే ఏడాది దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాక లోకం ఉలిక్కిపడింది. 127 మందిని చూసి కదలని లోకం ఎనిమిది మందిని చూసి కదిలింది. పేరు లేని జబ్బు కళ్లకు కనబడదు కాబోలు.

సరే, మెదడు దగ్గరకు వద్దాం. నాడీకణాలు పుట్టినచోటే ఉండిపోవు. లోపల పుట్టి, పొరలు పొరలుగా బయటి వైపుకు ప్రయాణం చేసి తమ స్థానాలకు చేరతాయి. అక్కడి నుంచి తీగలు చాచి ఇరుగుపొరుగు కణాలతో ముడిపడతాయి. ఇదంతా ఒకదాన్నొకటి తడుముకుంటూ, అంటిపెట్టుకుంటూ జరిగే పని. కణాలు అలా పట్టుకోవడానికి ఉపయోగపడే ఎల్1 అనే ఒక ప్రొటీన్ ఉంది. దాని పట్టును మద్యం సడలిస్తుందని ప్రయోగశాలలో తేలింది. మెదడు కుడి, ఎడమ భాగాలను కలిపే పెద్ద వంతెన కార్పస్ కెలోజమ్. ఈ పిల్లల్లో కొందరికి అది పలచబడి ఉంటుంది, అరుదుగా పూర్తిగా లేకుండా కూడా ఉంటుంది.

చివరి మూడు నెలల్లో జరిగేది మరో రకం. ఆ దశలో కణాలు ఒకదానితో ఒకటి సంకేతాలు ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకుంటాయి. అందులో ఒక నియమం ఉంది, కాస్త కఠినమైన నియమం. ఎవరితోనూ సంబంధం కుదరని కణం తనంతట తాను చనిపోతుంది. మామూలుగా ఇది మంచిదే, మిగులు కణాలను తీసేసే పద్ధతి. మద్యం చేసేదేమిటంటే, ఉత్తేజాన్ని మోసే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూసేస్తుంది, శాంతపరిచే గాబా వ్యవస్థను పెంచుతుంది. అంటే మాటలు ఆగిపోతాయి. నన్నెవరూ పలకరించడం లేదే అనుకున్న కణం, తాను అక్కర్లేదని తేల్చుకుని ప్రాణం తీసుకుంటుంది. ఏడు రోజుల వయసున్న ఎలుక పిల్లల మెదడు మన బిడ్డల చివరి నెలల దశలో ఉంటుంది. వాటికి మద్యం ఇచ్చి, వాటి మెదడులో లక్షల కణాలు ఇలా రాలిపోవడాన్ని అమెరికాలో జాన్ ఓల్నీ బృందం 2000లో చూపించింది. రక్తంలో మద్యం కొన్ని గంటలపాటు ఎక్కువ స్థాయిలో నిలిస్తే చాలు, ఇది జరిగింది. కాబట్టి, “మొదటి మూడు నెలలు గడిచిపోయాయిగా, ఇక పరవాలేదు” అనే మాటకు ఆధారం లేదు.

ఇవన్నీ తరగతి గదిలో ఎలా కనిపిస్తాయో మీకు చెప్పాలి. మీరు వచ్చింది అందుకే.

మొదట కనిపించేది లెక్కల్లో. భాష కంటే, చదవడం కంటే లెక్కలే ఈ పిల్లలకు గుదిబండ. సియాటిల్‌లో ఆన్ స్ట్రైస్‌గుత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఒక అధ్యయనం మొదలుపెట్టి సుమారు 500 మంది పిల్లల్ని పుట్టుక నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. తల్లుల్లో ఎక్కువమంది తాగుడుకు బానిసలు కారు, మామూలుగా అప్పుడప్పుడు తాగేవాళ్లు. పధ్నాలుగేళ్ల వయసులో కూడా ఆ ప్రభావం గట్టిగా కనబడింది రెండుచోట్ల: నిలకడగా ధ్యాస పెట్టడంలో, అంకగణితంలో. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఒక కూడిక చేయాలంటే ఒక అంకెను మనసులో పట్టుకోవాలి, ఇంకోదాన్ని కలపాలి, పద్ధతి గుర్తుంచుకోవాలి, ఎక్కడున్నామో మరవకూడదు. “ఒకటి చేతిలో” అంటాం చూడండి, ఆ చెయ్యి మనసులో ఉండే చెయ్యి. ఈ పిల్లల్లో ఆ చెయ్యి వణుకుతుంది.

రెండోది మనల్ని మోసం చేస్తుంది. వీళ్లలో చాలామంది మాటకారులు. కబుర్లు చెబుతారు, పెద్దల మాటల్ని యథాతథంగా అప్పజెబుతారు. ఇంత మాట్లాడేవాడికి ఇంత చిన్న సంగతి అర్థం కాదా అని మనకు కోపం వస్తుంది. మాట్లాడే శక్తి వేరు, అర్థం చేసుకునే శక్తి వేరు. మూడు పనులు ఒకే వాక్యంలో చెప్పి చూడండి: “పుస్తకం లోపల పెట్టి, కిటికీ మూసి, పలక తీసుకురా.” కిటికీ మూస్తాడు, అక్కడే నిలబడతాడు. మిగతా రెండూ ఎగిరిపోయాయి. మనం దాన్ని మొండితనం అంటాం.

మూడోది శిక్షకు సంబంధించినది. నిప్పు కాలుస్తుందని ఒకసారి తెలిస్తే పిల్లలు దీపం దగ్గరా జాగ్రత్తపడతారు, పొయ్యి దగ్గరా జాగ్రత్తపడతారు. ఒకచోట నేర్చుకున్నది మరోచోట వాడుకోవడం ఈ పిల్లలకు చాలా కష్టం. ఆటస్థలంలో తోయకూడదని నేర్చుకున్నవాడు వరండాలో తోస్తాడు. “నిన్ననే కదా చెప్పాను!” నిజమే, చెప్పారు. ఆటస్థలం గురించి చెప్పారు. శిక్ష పెంచితే పాఠం పెరగదు, భయం మాత్రమే పెరుగుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి బెత్తం తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొక్క వంగదని విరిచేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

తెలివితేటల పరీక్షలో వీళ్లలో చాలామందికి మామూలు మార్కులే వస్తాయి. అందుకే ప్రత్యేక సాయం అందదు. పరీక్షలో ఒక్కో ప్రశ్న ఒక్కోసారి, నిశ్శబ్దంలో, ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతారు. జీవితం అలా అడగదు కదా.

ఇప్పుడు రెండో వయసుకు వస్తాను. కడుపులో ఉన్నప్పుడు తల్లి చేతిలో ఉన్న విషయం, పన్నెండు, పదమూడేళ్లు దాటాక పిల్లల చేతిలోకే వస్తుంది.

మెదడు బరువు చిన్నప్పుడే పెద్దల మెదడు బరువుకు దగ్గరగా చేరుతుంది కాబట్టి ఎదుగుదల అయిపోయిందని చాలాకాలం అనుకున్నారు. 1999లో జే గీడ్ అనే వైద్యుడి బృందం అవే పిల్లల్ని ఏళ్ల తరబడి ఎంఆర్ఐలో చూసి వేరే సంగతి చెప్పింది. మెదడు ముందు భాగంలో నాడీకణాలు గుమికూడి ఉండే బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు 11 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, ఆ తరువాత తగ్గుతూ వస్తుంది. తగ్గడమంటే పాడవడం కాదు. తోటమాలి కొమ్మలు తీసినట్టు, వాడని కలయికలు తొలగిపోతాయి, వాడే దారులకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని సంకేతాలు వేగంగా పరుగెడతాయి. ఈ పని ఇరవై ఏళ్లు దాటాక కూడా సాగుతుంది. చివరికి పూర్తయ్యేది నుదుటి వెనకాల భాగం. ఆగి ఆలోచించే పని దానిదే.

అంటే ఆగమని చెప్పేవాడు ఇంకా ఉద్యోగంలో చేరని రోజుల్లోనే కుర్రవాడి చేతికి గ్లాసు అందుతుంది. (నవ్వులు.)

ఇందులో ఒక మెలిక ఉంది. కౌమారంలో ఉన్న ఎలుకలకూ పెద్ద ఎలుకలకూ ఒకే మోతాదు మద్యం ఇచ్చి చూశారు. పెద్దవి తూలుతాయి, నిద్రలో పడతాయి. చిన్నవి చాలాసేపు చలాకీగానే ఉంటాయి. అదే చిన్నవాటిలో కొత్త విషయం నేర్చుకునే శక్తి మాత్రం పెద్దవాటి కంటే ఎక్కువగా దెబ్బతింటుంది. జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్ ఆ వయసులో మద్యానికి త్వరగా లొంగుతుందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్కాట్ స్వార్ట్జ్‌వెల్డర్ బృందం చూపించింది. పిల్లలకు మద్యం ఇచ్చి ప్రయోగం చేయలేరు కాబట్టి, 1998లో 21 నుంచి 24 ఏళ్లవాళ్లను, 25 నుంచి 29 ఏళ్లవాళ్లను తీసుకుని పోల్చారు. అంత కొద్ది తేడాలోనే చిన్నవాళ్ల జ్ఞాపకశక్తి ఎక్కువ తగ్గింది.

“నాకు ఎంత తాగినా ఎక్కదు” అని కుర్రాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. శరీరం ఆపమని చెప్పే గంట వాళ్లలో ఆలస్యంగా మోగుతుంది, అంతే. ఈలోగా లోపల రాసుకునేవాడు కలం పడేస్తాడు. మనిషి నడుస్తుంటాడు, మాట్లాడుతుంటాడు, మర్నాడు ఏమీ గుర్తుండదు. మరిచిపోయాడనుకుంటాం. అసలు రాసుకోలేదు కాబట్టి మరవడానికి కూడా అక్కడ ఏమీ లేదు.

పదిహేనేళ్లలోపు తాగడం మొదలుపెట్టిన వాళ్లలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, ఇరవై దాటాక మొదలుపెట్టిన వాళ్లలో అది సుమారు 10 శాతమని 1997లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద సర్వే ఫలితాలు చెప్పాయి. ఈ అంకెను సభల్లో బాగా వాడతారు. నేను కాస్త జంకుతూ వాడతాను. త్వరగా మొదలుపెట్టే పిల్లల్లో ఇంట్లో గొడవలు, వంశపారంపర్యం, దుడుకు స్వభావం ముందే ఉండవచ్చు. ఏది కారణం, ఏది ఫలితం? దీన్ని తేల్చడానికే 2012 నుంచి అమెరికాలో ఐదు కేంద్రాల్లో 12 నుంచి 21 ఏళ్ల మధ్య ఉన్న 831 మందిని తీసుకుని, ఏటా మెదడును చూస్తూ వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మొదటిసారి చూసేటప్పటికి దాదాపు తాగనివాళ్లే. తరువాత బాగా తాగడం మొదలుపెట్టినవాళ్లలో, తాగని ఈడువాళ్లతో పోలిస్తే, బూడిదరంగు పదార్థం ఎక్కువ వేగంగా తరిగింది. తోటమాలి చేతిలోని కత్తెరను ఎవరో లాక్కుని ఇష్టమొచ్చినట్టు కత్తిరించినట్టు.

చేయగలిగేది ఏమిటి అంటే, చాలా ఉంది, కానీ అద్భుతాలు లేవు. పోయిన కణాలను తెచ్చే మందు లేదు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో క్లెయిర్ కోల్స్, జూలీ కేబుల్ వంటివాళ్లు ఈ పిల్లల కోసమే ఒక లెక్కల శిక్షణ తయారుచేశారు. పిల్లవాడు ముందు ఏం చేయబోతున్నాడో చెప్పాలి, తరువాత చేయాలి, చేశాక ఎలా చేశాడో వెనక్కి చూసుకోవాలి. వేగం తగ్గించి, సంఖ్యల గీత చేతికందేలా పెట్టి, ఇంట్లో పెద్దలకు కూడా నేర్పారు. ఆ పిల్లలు లెక్కల్లో ముందుకు కదిలారు. మీ తరగతిలో దీనికి యంత్రాలు అక్కర్లేదు. ఒకసారికి ఒకే పని చెప్పండి. రోజూ అదే మాటల్లో చెప్పండి. మీరు ఇవాళ “కలుపు” అని, రేపు “కూడు” అంటే అతనికి అవి రెండు వేర్వేరు లెక్కలు. చెప్పి ఊరుకోకుండా చూపించండి. నిన్న వచ్చింది ఇవాళ రాకపోతే, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పండి. చివరిది చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, ఇప్పటికీ పళ్లు బిగబట్టే చేస్తాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: గర్భం అని తెలియక ముందు ఒకటి, రెండుసార్లు తాగినవాళ్ల సంగతి? ఎంతవరకు పరవాలేదు?

జవాబు: ఇంతవరకు పరవాలేదని గీత గీసి చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులు అసలు తాగవద్దంటుంది. అలాగని ఒక్క గుక్కకే బిడ్డ పాడైపోతుందని భయపెట్టడం కూడా అన్యాయం. 2017లో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం గర్భంతో ఉండగా తాగిన ప్రతి 13 మంది తల్లుల్లో సుమారు ఒకరి బిడ్డకు ఎఫ్‌ఏఎస్‌డీ వస్తుంది. మోతాదు, సమయం, తల్లి ఆహారం, జన్యువులు అన్నీ లెక్కలోకి వస్తాయి. తెలిసిన రోజునే ఆపేస్తే, మిగతా నెలల్లో తయారయ్యే మెదడంతా మద్యం బారిన పడకుండా ఉంటుంది. ఆ తల్లికి నేను చెప్పే మాట ఇదే.

ప్రశ్న: తండ్రి తాగితే?

జవాబు: తండ్రి తాగుడు వీర్యకణాల మీద ప్రభావం చూపి పిల్లల ఎదుగుదలలో తేడా తెస్తుందని ఎలుకల్లో చూశారు, మనుషుల్లో పని ఇంకా సాగుతోంది. దానికి ముందే మరో సంగతి ఉంది. ఇంట్లో తాగే భర్త ఉన్నప్పుడు భార్య తాగడం మానడం ఎంత కష్టమో ఆలోచించండి. సీసా ఆయన తెస్తాడు, నింద ఆమెకు వస్తుంది.

ప్రశ్న: పాలిచ్చే తల్లులు కొంచెం తాగితే పాలు బాగా పడతాయంటారు, నిజమేనా?

జవాబు: తిరగబడ్డ నమ్మకం. తల్లి రక్తంలో ఎంత మద్యం ఉంటే పాలలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. 1991లో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. పిల్లలు ఎక్కువసార్లు చప్పరించారు, తాగింది మాత్రం తక్కువ పాలు. చప్పరించడం చూసి తల్లులు పాలు బాగా పడుతున్నాయనుకుని ఉంటారు.

ప్రశ్న: మాకు అనుమానం వస్తే తల్లిని ఎలా అడగాలి?

జవాబు: “మీరు తాగారా?” అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. నేనైనా అలాగే అంటాను. నేను ఆ నెలల గురించి మామూలుగా అడుగుతాను. అప్పుడు ఆరోగ్యం ఎలా ఉండేది, నిద్ర పట్టేదా, ఏ మందులు వాడారు, నెల తప్పిందని ఎప్పుడు తెలిసింది, అంతకుముందు మద్యం అలవాటు ఏమైనా ఉండేదా. ఆఖరి ప్రశ్న అడిగేటప్పుడు కాగితం మీద కలం పెట్టను. మొదటిసారే జవాబు రావాలని కూడా ఆశపడను.

ప్రశ్న: మొదట చెప్పిన ఆ అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడు?

జవాబు: ఇప్పుడు తొమ్మిదో తరగతి. చొక్కా జేబులో ఒక అట్టముక్క ఉంటుంది. కూడిక ఎక్కడ మొదలుపెట్టాలి, చేతిలో ఉన్న ఒకటిని ఎక్కడ రాసుకోవాలి అని నాలుగు వరసలు. లెక్కల పీరియడ్‌లో దాన్ని బల్ల మీద పెట్టుకోవడానికి వాళ్ల మాస్టారు ఒప్పుకున్నారు. పరీక్షలో పెట్టుకోనిస్తారా లేదా అన్నది ఇంకా తేలలేదు, ఉత్తరాలు నడుస్తున్నాయి. వెనక వైపు ఈ మధ్య తనే ఇంకో వరస రాసుకున్నాడు, బస్సు నంబరు. అంచులు నలిగిపోతున్నాయని మూడోసారి కొత్త అట్ట మీద రాసిచ్చాను. పాతవి పారేయనివ్వలేదు.